అడిగే ముట్టుకుంది

రెండువేల పద్దెనిమిదవ సంవత్సరం, జూలై పదకొండు, బుధవారం, ఉదయం తొమ్మిదింబావు. సన్నని జల్లు పడుతున్నా గాలి స్తంభించి, ఒళ్లంతా ఉక్కపోస్తున్న పూట. ఆసుపత్రులకూ హోటళ్లకూ దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసి పంపే ఒక పెద్ద లాండ్రీలో గుమాస్తాగా చేరడానికి వెళ్లి, గొడుగు ముడుచుకుంటూ గుమ్మం దాటానో లేదో, "కదలకండి!" అన్న కేక వినిపించింది.

ఎదురుగా ముప్ఫై అయిదేళ్ల మనిషి ఒకడు పసుపుపచ్చని పిస్తోలువంటి వస్తువును నావైపు గురిపెట్టి నిలబడి ఉన్నాడు. ఎర్రని చుక్క ఒకటి నా చొక్కా మీదుగా పాకి, భుజం దాటి, వెనుక గోడమీదకు పోయింది.

"కదలకండి సార్. మీ వెనక డెబ్భై రెండు ఉంది."

పాము కాబోలునని నేను ఉన్నచోటనే బిగుసుకుపోయాను. "డెబ్భై రెండు ఏమిటి నాయనా?"

"డిగ్రీలు సార్. స్విచ్చిబోర్డులో వైరు వదులైంది. మెల్లగా ఇటు రండి. ఆ తడిగొడుగు మాత్రం దానికి తగలనివ్వకండి."

లోపలి నుంచి ఒక స్త్రీ కంఠం ఖంగున మోగింది. "మరిదీ! కొత్తగా వచ్చిన పెద్దమనిషిని కాల్చి పారేయకు. లెక్కలు రాసేవాళ్లు మళ్లీ దొరకరు!"

ఇస్త్రీ గదిలోని ఆడవాళ్లందరూ ఘొల్లున నవ్వారు. నా ఉద్యోగజీవితంలోని ఆ చివరి మజిలీ అలా ప్రారంభమైంది. ఆ ఇద్దరి పరిచయం కూడా అప్పుడే కలిగింది.

అతడు ఆ లాండ్రీలో యంత్రాల ఫిట్టరు. ఆ కంఠం అతని అన్నగారి భార్యది. ఆమె "మరిదీ" అని పిలవగా వినీ వినీ, ఇస్త్రీ గదిలో ఉన్న పాతికమంది స్త్రీలూ అతన్ని అలాగే పిలవడం అలవాటు చేసుకున్నారు. అతనికంటే పాతికేళ్లు పెద్దదైన ముసలావిడా "మరిది గారూ" అనేది, పెళ్లికాని పిల్లలూ అనేవారు. "ఇంతమంది వదినలున్న మగవాడు లోకంలో ఎక్కడైనా ఉంటాడా సార్? ఒక్కరూ పిలిచి కాసిని టీ అయినా పొయ్యరు!" అని అతడు నాతో వాపోయేవాడు. వారి ఇంటి పైవాటా ఖాళీగా ఉండడంతో దానినే నేను అద్దెకు తీసుకున్నాను. కింద ముందువైపు అన్నావదినలు, వెనుకవైపు అతడూ భార్యా ఉండేవారు. వంటిల్లు మాత్రం ఒకటే. కనుక వారి మాటలు పగలు లాండ్రీలోనూ, సాయంత్రం మెట్లమీదుగానూ నా చెవిని పడుతూనే ఉండేవి.

అతడు తల్లిని చిన్ననాడే పోగొట్టుకున్నవాడు. వదిన కాపురానికి వచ్చేనాటికి ఇంకా బడిపిల్లవాడు. బడి ఎగ్గొట్టిననాడు చెవి మెలిపెట్టిన చెయ్యీ, జ్వరం వచ్చిననాడు నుదురు తడిమి చూసిన చెయ్యీ ఆమెవే. పని నేర్పే బడిలో చేర్పించి, తరువాత లాండ్రీ యజమానితో మాట్లాడి ఫిట్టరుగా పెట్టించింది కూడా ఆమెయే. ఈ సంగతి ఆమె ఎవరితోనూ చెప్పుకోగా నేను వినలేదు. అతడే అందరితోనూ చెప్పేవాడు.

ఇక ఆ పసుపుపచ్చని పిస్తోలు. వస్తువును ముట్టుకోకుండానే, దూరం నుంచే, దాని పైభాగం ఎంత వేడిగా ఉందో అంకెలలో చెప్పే పరికరమది. మీట నొక్కితే ఎర్రచుక్క పడుతుంది, వెనుకనున్న చిన్న అద్దంలో అంకె వెలుగుతుంది. అందరూ దానిని తుపాకి అనేవారు. యజమాని దానిని కొని చేతికిచ్చిననాటి నుంచి అతనికి నేలమీద కాలు నిలవలేదు. మోటార్లను, ఆవిరి గొట్టాలను, ఇరుసులు తిరిగే బేరింగు పెట్టెలను చూసేవాడు. అక్కడితో ఆగక టీ గ్లాసులను, కిటికీ ఊచలను, ఎండలో నిలిచిన లారీ టైర్లను కూడా చూసేవాడు. ఒకనాడు మేనేజరుగారు అటు తిరిగి ఉండగా ఆయన బట్టతలమీద చుక్క పెట్టి, "ముప్ఫై నాలుగు. ఈవేళ శాంతంగానే ఉన్నారు, సెలవడిగేవాళ్లు అడుక్కోండి" అని ప్రకటించాడు. యంత్రం వేడెక్కి చెడిపోవడం అతని హయాములో తగ్గిందన్న మాట మాత్రం వాస్తవం. అంతకుముందున్న ఫిట్టరు అక్కడి పనివారిలో ఒకరి చెయ్యి కాలడానికి కారకుడై ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ ఖాళీలోనే ఇతడు వచ్చాడు.

ఇస్త్రీ గదికి ప్రాణం రోలరు. అది మనిషి పొడవుకు రెండింతలున్న ఉక్కు దిమ్మ. లోపల ఆవిరి, పైన ముఖం చూసుకోదగినంత నునుపు. తడిదుప్పటి ఒకవైపు నుంచి ఎక్కి, దాని ఒంటిని చుట్టుకుని, రెండవవైపున పొడిగా, మడత లేకుండా దిగుతుంది. అతడు ప్రతిదినమూ దిగుతున్న దుప్పటిమీదా, రంగు వేసిన బేరింగు పెట్టెలమీదా తుపాకి పెట్టి చూసేవాడు. ఆ రెండుచోట్లా అది ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. గుడ్డ లేకుండా రోలరు ఒంటిమీదనే గురిపెట్టవలసిన అవసరం అతనికి అంతవరకూ కలగలేదు.

మరుసటి వేసవిలో ఇస్త్రీ విభాగానికి పెద్దగా ఉన్నావిడ ఉద్యోగం విరమించుకోబోతున్నదని తెలిసింది. ఆ స్థానం వదినదేనని అందరూ అనుకున్నారు. ఆమె కూడా ఆ కోరికను దాచుకోలేదు. కిటికీ పక్కన, ఫ్యాను కింద, పెద్దావిడ కూర్చునే నల్లని ఎత్తుకుర్చీ ఒకటి ఉండేది.

"జీవితమంతా నిలబడి చేశాను. ఒక్క ఏడాదైనా ఆ కుర్చీలో కూర్చుని మిమ్మల్నందర్నీ కేకలేసి గాని ఇంటికి పోను" అనేది.

"ఇప్పుడు మాత్రం తక్కువేశావా వదినా?" అనేవారు ఆడవాళ్లు.

"ఇప్పుడు వేసేవి ఊరికే వేస్తున్నా. అప్పుడు హక్కుగా వేస్తా!"

అటువంటి రోజులలో ఒక మధ్యాహ్నం, దుప్పటి మడతలో కనబడకుండా ఉండిపోయిన పాలిథీను సంచి ఒకటి రోలరు కిందికి పోయి, కరిగి, దాని ఒంటికి అంటుకుంది. ఆవిరి ఆపేశారు. రోలరు చల్లారేదాకా ఎవరూ చెయ్యి పెట్టరాదన్నది అక్కడి నియమం. తక్కినవారు భోజనాలకు వెళ్లారు. బయట లారీ ఎదురుచూస్తున్నదని వదిన ఆగిపోయింది. గదిలో అప్పుడు ఉన్నది వారిద్దరే. జరిగినదంతా తరువాత ఇద్దరి నోటా విని వ్రాస్తున్నాను. ఇద్దరి మాటలలోనూ తేడా లేదు.

"మరిదీ, ముట్టుకోవచ్చా?" అని ఆమె అడిగింది.

అతడు మోటారు దగ్గర నుంచి కదలకుండానే చెయ్యి చాచి గురిపెట్టాడు. నలభై ఒకటి అన్న అంకె వెలిగింది.

"నలభై ఒకటి వదినా. కాస్త జ్వరం, అంతే. కానియ్."

ఆమె రెండవమాట అడగలేదు. అతడు చెప్పాడు గనుక, అంటుకున్న సంచిని గీకడానికి ఎడమచేత్తో చెక్కబద్ద పట్టుకుని, ఆనుకోవడానికి కుడి అరచేతిని నిండుగా రోలరుమీద మోపింది.

అక్కడ ఉన్నది నలభై కాదు, ఇంచుమించు నూరు. ఆమె కేక వెయ్యలేదట. ఊపిరి లోపలికి లాగుకున్న చప్పుడు మాత్రం వచ్చిందట.

అందరూ పరుగున వచ్చారు. మేనేజరుగారు కూడా వచ్చి, "ఎలా జరిగింది? ఎవరు ముట్టుకోమన్నారు?" అని గద్దించారు. అతడు చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలో ఆమె, నీళ్లబకెట్టులో చెయ్యి ముంచుకునే, "ఎవరూ అనలేదు సార్. నా పొరపాటే. పరధ్యానంగా పెట్టేశాను" అన్నది.

అతడు తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నగారు భార్యమీద విరుచుకుపడ్డారు. ఆయన మంచివాడే. భయం కలిగినప్పుడల్లా ఆయనకు అది కోపంగా బయటికి వచ్చేది. "కళ్లు కనపడకపోతే చెప్పాలి! పొగలు కక్కే ఇనుము కనపడదా? ఒరేయ్, మీ వదినకి చూపు తగ్గిందిరా. నాకెప్పటినుంచో అనుమానం. రేపే కళ్లజోడు చేయిస్తాను. నువ్వన్నా చెప్పు దానికి."

తమ్ముడు కంచం ముందు తల వంచుకుని ఉన్నాడు. "అవును అన్నయ్యా" అన్నాడు. ఎదుటనే వదిన, గుడ్డకట్టిన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో చెంచా పట్టుకుని, సగం మెతుకులు కిందపడేసుకుంటూ తింటున్నది. "చేయించండి. ఎర్రఫ్రేము చేయించండి, నా రంగుకి నప్పుతుంది" అన్నదామె.

కొట్టువాడు వయసును బట్టి ఇచ్చిన అద్దాలతో కళ్లజోడు వచ్చింది. ఆమె చూపులో లోపమేమీ లేదు. పెట్టుకుంటే తల తిరిగేది. అయినా భర్త ఇంట్లో ఉన్నంతసేపూ దానిని ముక్కుమీద నిలిపేది. అతడు ఆ కళ్లజోడును చూసినప్పుడల్లా లేచి పెరట్లోకి పోయేవాడు. వాళ్ల ఇంట్లో అతడు తలెత్తి ఒక్కమాటైనా మాట్లాడడం నేను మళ్లీ చాలాకాలం వినలేదు. భార్య పిలిచినా ఉలిక్కిపడేవాడు. లాండ్రీలో "మరిది గారూ" అని ఎవరైనా పిలిస్తే, చెంపమీద కొట్టినట్లు అతని ముఖం ఎర్రబడేది.

తుపాకి ఎందుకు అబద్ధమాడిందన్నది అతన్ని తొలిచివేసింది. ఒక సాయంత్రం, భార్య కొత్తగా కొన్న స్టీలుగిన్నెలో నీళ్లు కాగుతుండగా, దానిమీద గురిపెట్టాడు. నీళ్లు కళపెళ మరుగుతున్నవి. అంకె మాత్రం ముప్ఫై తొమ్మిది. చెయ్యి కాస్త పక్కకు జరిగి, ఊడబెరకకుండా వదిలేసిన కొట్టువాడి కాగితపు చీటీమీద చుక్క పడింది. అంకె ఒక్కసారిగా తొంభై నాలుగుకు ఎగిరింది. మళ్లీ గిన్నెమీద ముప్ఫై తొమ్మిది, చీటీమీద తొంభై నాలుగు. నునుపుగా మెరిసే లోహం తన వేడిని బయటపడనివ్వదు. అద్దం వలె చుట్టుపక్కల ఉన్న చల్లదనాన్నే ఎదుటివారికి తిప్పి చూపుతుంది. అంటుకున్న కాగితమో గుడ్డో రంగో మాత్రమే లోపలి నిజం చెబుతుంది.

వదిన గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది.

"అయితే అబద్ధమాడింది ఇదన్నమాట" అన్నది. "నువ్వు కాదు."

"వదినా..."

"చాల్లే, ఏడుపు మొహం పెట్టకు. నేను నిజం చెబితే ముందున్నవాడి గతే నీకూ పట్టేది. ఈ చీటీ సంగతి రేపు ఆఫీసులో చూపించు. ఇంకొకరి చెయ్యి కాలకూడదు."

ఆ మాటతో తనకు గుండెమీది బరువు దిగినట్లు అనిపించిందనీ, అలా అనిపించినందుకే తరువాత మరింత సిగ్గుపడ్డాననీ అతడు నాతో అన్నాడు.

మరునాడు అతడు రోలరు అంచున నల్లని టేపుముక్క ఒకటి అంటించి, మేనేజరుగారిని పిలిచాడు. ఉక్కుమీద ఒక అంకె, టేపుమీద మరొక అంకె. ఇకముందు టేపుమీద చూస్తేనే నమ్మాలని వివరించాడు. పని ఆపి అందరూ చుట్టూ చేరారు. నేను కూడా వెళ్లి నిలబడ్డాను. మేనేజరుగారి సంతోషానికి అవధి లేకపోయింది.

"ఇదయ్యా బుర్రంటే!" అని అతని వీపు చరిచారు. "చూశారా? ఆవిడ కూడా ఆ రోజు ఇతన్ని ఒక్కమాట అడిగి ముట్టుకుని ఉంటే చెయ్యి దక్కేది. చప్పట్లు కొట్టండి!"

చప్పట్లు మోగాయి. వదిన చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులుంటేగదా! కట్టు ముడి వదులైతే పళ్లతో లాగి బిగించుకుంటూ ఆ గుంపు చివర నిలబడి ఉంది. నేను అతని ముఖం చూశాను. అతడు నవ్వాడు. చిన్న నవ్వే, పొగిడినప్పుడు ఎవరికైనా తెలియకుండా వచ్చేదే. మరుక్షణంలోనే అది అతని పెదవులమీద ఎండిపోయింది. ఆ నవ్వును తాను చేసినవాటన్నిటిలోకీ నీచమైనదిగా అతడు ఎంచుకున్నాడు.

నెల మారింది. మేనేజరుగారు నల్లకుర్చీని పొడుగమ్మ అని పిలవబడే మరొకావిడకు ఇచ్చారు. వదినకు ఎందుకివ్వలేదని ముసలావిడ అడిగితే, "తన చెయ్యి తానే చూసుకోలేని మనిషికి పాతికమంది చేతులు అప్పగించమంటావా?" అన్నారు. ముడుచుకుపోయిన అరచేతితో దుప్పటి లాగడం కష్టమవుతున్నదని వదినను దిండుగలేబులు మడతపెట్టే బల్ల దగ్గరకు మార్చారు.

పొడుగమ్మ చెడ్డది కాదు. కొత్తపిల్లలకు పని చెబుతూ, "మరిదిని అడిగి ముట్టుకో. వదినలాగా చెయ్యకు" అనేది. అది అందరి నోటా పడింది. వేడి గ్లాసు పట్టుకోబోతే "మరిదిని అడిగావా?", ఎండకు కాగిన తలుపుగొళ్లెం ముట్టుకోబోతే "మరిదిని అడిగావా?", పొట్లంలో భోజనం విప్పబోతే "మరిదిని అడిగావా?" వదిన కూడా వారితో కలిసి నవ్వేది. అతడు మాత్రం యంత్రాల వెనుకకు తప్పుకునేవాడు. భోజనాన్ని కూడా పనిముట్ల గదిలో ఒంటరిగా తినడం మొదలుపెట్టాడు.

ఒకనాడు వాన జోరుగా కురిసి పనిముట్ల గదిలోకి నీళ్లు రావడంతో అతడు అందరితోపాటు కూర్చోవలసి వచ్చింది. టీ వచ్చింది. వదిన అలవాటు చొప్పున కుడిచెయ్యి చాచి, నొప్పి గుర్తుకు వచ్చి వెనుకకు తీసుకున్నది. ఒక పడుచుపిల్ల కిసుక్కున నవ్వి, "ఈసారన్నా మరిదిని అడిగి పట్టుకో వదినా!" అన్నది. నవ్వులు లేచాయి.

అతడు లేచి నిలబడ్డాడు. ఆ ఊపుకు చేతిలోని గ్లాసు నుంచి టీ చొక్కామీద ఒలికింది.

"అడిగింది" అన్నాడు.

నవ్వులింకా పూర్తిగా తగ్గలేదు. "ఏమిటి మరిది గారూ?" అని పొడుగమ్మ అడిగింది.

"ఆ రోజు అడిగింది. అడిగే ముట్టుకుంది. నలభై ఒకటి, కానియ్ అన్నది నేను."

ఆ పడుచుపిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది.

"మరిదీ, కూర్చో" అన్నది వదిన.

"కూర్చోను. నీ వెనక దాక్కుని కూర్చున్నది చాలు."

అని, తడిసిన చొక్కాతోనే మేనేజరుగారి గదికి నడిచాడు. అక్కడ లెక్కలు చూపుతున్న నా ఎదుటనే మళ్లీ అంతా చెప్పాడు. మేనేజరుగారు కలానికి మూత బిగించి పక్కన పెట్టారు. అందరినీ పిలిచి చప్పట్లు కొట్టించింది తామే గదా!

"ఇప్పుడు చెప్పి ఏం లాభమయ్యా? ఆ కుర్చీ ఇచ్చేశాను. ఇచ్చినావిడ ఏం తప్పు చేసిందని దింపను?"

"దింపమని కాదు సార్. ఆవిడ అజాగ్రత్త మనిషి కాదని చెప్పండి. నన్ను మెచ్చుకున్నప్పుడు ఎంత గట్టిగా చెప్పారో, అంత గట్టిగా."

మేనేజరుగారు చెప్పారు. అంత గట్టిగా మాత్రం కాదు.

ఆ సాయంత్రం నేను వారి తెరిచిన తలుపు పక్కనుంచి మెట్లెక్కుతుండగా వదిన గొంతు వినిపించింది. ఆమె కోపంగా మాట్లాడగా వినడం అదే ప్రథమం. "నేనడిగానా నిన్ను చెప్పమని? చెప్పదలిస్తే ఆ రోజే చెప్పాలి. ఇన్నాళ్లూ ఊరుకుని ఇప్పుడు చెప్పి, అందరి ముందూ నన్ను అబద్ధాలకోరుని చేశావు. నీ మనసు తేలికైంది. నా కుర్చీ వచ్చిందా?"

"రాలేదు వదినా."

"మరి?"

అన్నగారు భార్య ముక్కుమీద ఉన్న ఎర్రఫ్రేము కళ్లజోడును తన చేతులతో తీసి, మడిచి, గూట్లో పెట్టారు. ఆ ఇంట్లో ఆ రాత్రి సిగ్గుపడనివారెవరో నాకు తెలియదు.

తరువాతి సంగతులు క్లుప్తంగా వ్రాస్తాను. యజమాని అతన్ని పనిలోంచి తీసివేయలేదు. ఆరునెలలపాటు తుపాకి పొడుగమ్మ ఆధీనంలో ఉంది. తిరిగి ఇచ్చినప్పుడు అతడు తీసుకున్నాడు గాని, టీ గ్లాసులమీద మళ్లీ ఎన్నడూ గురిపెట్టలేదు. యంత్రం చల్లారిందని ఎవరికైనా చెప్పవలసి వస్తే, అంకె చూసిన తరువాత కూడా, ముందు తన చేతి వెనుకభాగాన్ని దానికి దగ్గరగా పెట్టి చూసుకునేవాడు. రోలరు అంచున నల్లటేపు ఇప్పటికీ ఉంది, అరిగినప్పుడల్లా కొత్తది అంటిస్తున్నారు. వదినకు నల్లకుర్చీ రాలేదు. దిండుగలేబుల బల్ల దగ్గరనే, నిలబడే పనిచేసి, నిరుడు ఉద్యోగం విరమించింది. అరచెయ్యి పూర్తిగా చాచితే ఇప్పటికీ మధ్యలో పట్టేస్తుంది. ఆ కళ్లజోడు అన్నగారి చూపుకు సరిపోయింది, ఆయనే పెట్టుకుని పత్రిక చదువుతున్నారు. లాండ్రీలో ఆడవాళ్లు, అతడు నిజం చెప్పిన రోజు నుంచి, అతన్ని ఫిట్టరుగారని పిలవడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పి మాన్పించినది కాదు. వదిన అతనితో కొన్ని వారాలు మాట్లాడలేదు. ఆ తరువాత ఒకనాడు వంటింట్లోంచి, గిన్నె దించాలి రమ్మని, "మరిదీ" అని పిలిచింది. ఇప్పుడు అతన్ని అలా పిలిచేది ఆమె ఒక్కతే.